ఇరవై ఏడో నంబరు గుండీ

ఆ గుండీల రూలు పెట్టింది టైలరమ్మే. ఇంకెవరైనా పెట్టి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు.

రెండేళ్ల కిందట కొండపరుగు రోజున ఒక పెద్దమనిషి సగం కొండ ఎక్కి, ఆయాసం వచ్చి, ఎవరికీ చెప్పాపెట్టకుండా దిగి ఇంటికి పోయాడు. ఊరి పరుగు క్లబ్బంతా వానలో తడుస్తూ సాయంత్రం దాకా లోయలన్నీ గాలించింది. ఆయన మాత్రం తీరిగ్గా స్నానం చేసి, సోఫాలో కాళ్లు చాపుకుని టీవీ చూస్తున్నాడు. మర్నాడు మీటింగులో తలో మాటా అంటుంటే, టైలరమ్మ లేచి, పాత కోట్ల నుంచి కోసి దాచిన పెద్ద గుండీలన్నీ బల్ల మీద బోర్లించింది.

"ఒక్కో గుండీ మీద ఒక్కో నంబరు రాద్దాం. ఎవరి గుండీ వాళ్లు తీసుకెళ్లి, కొండ శిఖరం మీద పెట్టిన డబ్బాలో తమ చేత్తో వెయ్యాలి. అందరి వెనకాల వచ్చే మనిషి ఆ డబ్బా కిందికి తెస్తాడు. గుండీ ఉంటే మనిషి శిఖరం దాటి అటువైపు దిగినట్టు. లేకపోతే ఇటువైపే ఉండిపోయినట్టు. ఎవరైనా తప్పిపోతే వెతకాల్సింది సగం కొండే," అంది.

క్లబ్బు పెద్ద, ముప్పై ఏళ్లు పిల్లలకు డ్రిల్లు నేర్పి రిటైరైన మాస్టారు. "ఇంత తెలివి ఇన్నాళ్లూ కుట్టుమిషన్ కింద ఎందుకు దాచావమ్మా," అన్నాడాయన. ఆ రోజు నుంచి గుండీ మరిచిపోయి వచ్చినవాడి పని టైలరమ్మ చేతిలో అయిపోయేది. ఒకసారి పోస్టుమాన్‌ గుండీ పారేసుకుని వస్తే, అందరి ముందూ నిలబెట్టి కడిగేసింది. అలాంటి మనిషే రూలు తప్పింది. కంచే చేను మేసింది.

ఎందుకు తప్పిందంటే, కప్పు కోసం. జట్టు కప్పు రావాలంటే ఒక్కో క్లబ్బు నుంచి ముగ్గురు ఆడవాళ్లు శిఖరం తాకి, కింద గీత దాటాలి. ఈ క్లబ్బులో కొండ పరిగెత్తే ఆడవాళ్లే ముగ్గురు. ఆస్పత్రి నర్సు, టైలరమ్మ, టైలరమ్మ తోడికోడలు చిన్నమ్మి. ఒకరు ఆగిపోయారా, జట్టే లేదు. ఏడేళ్లుగా కప్పు మిల్లు క్లబ్బువాళ్ల అద్దాల బీరువాలో కూర్చుంది. చొక్కాలు కుట్టించుకోవడానికి మాత్రం వాళ్లు ఈమె దుకాణానికే వచ్చి, కొలతలిస్తూ, "ఈసారైనా ముగ్గురు దొరికారా?" అని నవ్విపోయేవాళ్లు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉండేది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే వాళ్లు ఏమేం వినాల్సి వచ్చేదో.

చిన్నమ్మి మందుల దుకాణంలో పని చేస్తుంది. పన్నెండేళ్ల కిందట ఆ ఇంటికి చిన్నకోడలుగా వచ్చిన రోజు నుంచీ "అక్కా, అక్కా" అంటూ టైలరమ్మ కొంగు పట్టుకు తిరిగింది. పరుగు మీద దానికి పెద్ద మోజేమీ లేదు, అక్క రమ్మంది కాబట్టి వచ్చింది. అక్క బావిలో దూకమంటే ఎందుకని అడగదు, ఏ బావి అని అడుగుతుంది. ఇంట్లో అందరూ ఈ మాట అని నవ్వుకునేవాళ్లు.

ఈసారి పరుగు జరిగిన ఆదివారం అన్ని క్లబ్బులూ కలిపి ముప్పై ఎనిమిది మంది కొండెక్కారు. సగం పైన చీలిన బండ అని ఒకటుంది. అక్కడ దారి రెండవుతుంది. ఒకటి నిటారుగా శిఖరానికి పోతుంది. రెండోది మేకలు తిరిగే సన్నటి దారి, కొండ నడుము చుట్టూ తిరిగి, అవతలివైపు కింద నీళ్ల పైపు దగ్గర అసలు దారిలో కలుస్తుంది. ఆ బండ దగ్గర చిన్నమ్మి మోకాలు పట్టుకుని కూలబడింది.

"ఇక నావల్ల కాదక్కా. కాలు మడవడం లేదు. నువ్వెళ్లు."

టైలరమ్మ పైకి చూసింది. శిఖరం మీద పొగమంచు దిగుతోంది. వెనక్కి చూసింది. మిల్లు క్లబ్బు మూడో మనిషి ఇంకా కింద మలుపు దగ్గరే ఉంది. నర్సు ఎప్పుడో ముందు వెళ్లిపోయింది. ఏడేళ్లలో కప్పు ఇంత దగ్గరికి ఎప్పుడూ రాలేదు.

"గుండీ ఇలా ఇవ్వు," అంది.

"ఎందుకక్కా?"

"నేను వేస్తాను. నువ్వు ఈ మేకల దారిన మెల్లగా నడిచి పైపు దగ్గరికి వచ్చెయ్. ఎక్కే పనే లేదు. అక్కడి నుంచి ఇద్దరం కలిసి దిగుదాం."

"ఈ రూలు పెట్టింది నువ్వే కదక్కా."

"పెట్టినదాన్ని నేనేగా. నన్నడిగేదెవరు?"

చిన్నమ్మి ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. తర్వాత జేబులోంచి ఇరవై ఏడో నంబరు గుండీ తీసి చేతిలో పెట్టింది. "పైన జారుతుందేమో, జాగ్రత్తక్కా," అంది. మేకల దారి పట్టి, కుంటుకుంటూ మంచులోకి వెళ్లింది.

టైలరమ్మ శిఖరం మీద డబ్బాలో తన గుండీ వేసింది. తర్వాత రెండోది వేసింది. చుట్టూ ఎవరూ లేకపోయినా ఒకసారి వెనక్కి చూసి డబ్బా మూత పెట్టింది. గబగబా దిగిపోయింది.

పైపు దగ్గర చిన్నమ్మి లేదు.

టైలరమ్మ ఆగింది. మేకల దారి వైపు చూస్తే పది అడుగుల అవతల మంచు తప్ప ఇంకేం లేదు. గట్టిగా పిలిస్తే వెనకాల దిగేవాళ్లు వింటారు. "చిన్నమ్మీ, చిన్నమ్మీ," అని గొంతు తగ్గించి రెండుసార్లు పిలిచింది. జవాబు లేదు. అది దగ్గరి దారి కదా, ముందే వచ్చి వెళ్లిపోయి ఉంటుంది అనుకుంది. అనుకోవడానికి అది వీలైన మాట. పరిగెత్తింది.

కింద బడి మైదానంలో గీత దాటగానే నర్సు వచ్చి కౌగిలించుకుంది. పక్కనే మరిది, చిన్నమ్మి మొగుడు. బస్సు డ్రైవరు. డ్యూటీ మార్పించుకుని మరీ వచ్చాడు, ఒక చేతిలో ఫ్లాస్కు, ఇంకో చేతిలో దుప్పటి.

"మా ఆవిడేది వదినా?"

"వెనకాలే వస్తోంది," అంది టైలరమ్మ.

తర్వాత వచ్చింది మిల్లు క్లబ్బు మనిషి. ఆమె వెనక ఇంకొకరు. ఆ వెనక ముగ్గురు. చినుకులు మొదలయ్యాయి. అందరి వెనకాల రావాల్సిన పోస్టుమాన్ కూడా డబ్బా చంకలో పెట్టుకుని వచ్చేశాడు. "నా వెనక ఇంకెవరూ లేరు," అన్నాడు. మాస్టారు కాగితం చూశాడు. గీత దాటినవాళ్లు ముప్పై ఏడు మంది. డబ్బా బల్ల మీద బోర్లించి, గుండీలు ఒక్కొక్కటే వేలితో పక్కకు జరిపి లెక్కపెట్టాడు. ముప్పై ఎనిమిది.

"ఇరవై ఏడు ఇక్కడుంది," అన్నాడు మాస్టారు. "అయితే అమ్మాయి శిఖరం దాటింది. దిగేటప్పుడు మంచులో దారి తప్పింది. తప్పితే ఇక పోయేది రాళ్ల వాగులోకే."

రాళ్ల వాగు పేరు వినగానే ఇద్దరు తాళ్ల కోసం పరిగెత్తారు. శిఖరం అవతల, దారికి ఎడంపక్క కిందికి కోసుకుపోయిన లోయ అది. తడిసిందంటే మేకలు కూడా దిగవు. మాస్టారు నలుగుర్ని మొదటి జట్టుగా అటు పంపాడు. మిగతావాళ్లు తాళ్లు విప్పుతున్నారు.

టైలరమ్మ తేలు కుట్టిన దొంగలా బల్ల పక్కన నిలబడిపోయింది. ఒక్క మాట చెబితే చాలు. చెబితే కప్పు పోతుంది, పోతే పోయింది. కానీ ఈ గుండీలు తనవి, ఈ రూలు తనది. పోస్టుమాన్‌ని నిలబెట్టి కడిగిన నోరు తనది. ఐదు నిమిషాలు చూద్దాం, కుంటుకుంటూ అదే వచ్చేస్తుంది అనుకుంది. ఐదు నిమిషాలయ్యాయి. ఇంకో ఐదు అనుకుంది. మైదానం అంచున మంచులోంచి ఏది కదిలినా చిన్నమ్మే అనిపించేది. ఒకసారి కుక్క వచ్చింది, ఇంకోసారి ఎవరూ రాలేదు.

"చెమటతో తడిసిన ఒళ్లు," నర్సు మాస్టారితో మెల్లగా అంటోంది. "కదలకుండా కూర్చుంటే ఈ చలికి ఎక్కువసేపు ఆగదండీ. ముందు వణుకుతుంది. తర్వాత వణుకు ఆగిపోతుంది. ఆగిందంటే మనకు టైం లేనట్టే."

అవతల మరిది ఫ్లాస్కు కింద పెట్టి నడుముకి తాడు కట్టుకుంటున్నాడు. వాడు పుట్టి బుద్ధెరిగాక కొండెక్కినవాడు కాదు. కాళ్లకు డ్యూటీ బూట్లు. "నేను వాగులోకి దిగుతాను, మీరు పైనుంచి తాడు పట్టుకోండి," అంటున్నాడు.

"ఆగు," అంది టైలరమ్మ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "వాగులో లేదు. ఎవరూ దిగొద్దు."

అందరూ తిరిగి చూశారు.

"ఆ గుండీ చిన్నమ్మి వెయ్యలేదు. నేను వేశాను. చీలిన బండ దగ్గర దానికి మోకాలు పట్టేసింది. నేనే అడిగి తీసుకున్నాను. వద్దంటూనే ఇచ్చింది. అది శిఖరం ఎక్కలేదు. మేకల దారిలో ఉంది."

మాస్టారు బల్ల మీది గుండీల వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "ఎంతసేపైంది?" అని మాత్రం అడిగాడు.

"గంటన్నర దాటింది."

మరిది తాడు విప్పుకుంటూ అన్నాడు. "పావుగంట నుంచి ఇక్కడే నిలబడి ఉన్నావు కదా వదినా."

ముప్పై ఏళ్లలో ఎన్ని సూదులు గుచ్చుకున్నాయో ఆమెకు లెక్క లేదు. అవన్నీ కలిసినా ఆ మాటంత లోతుకు దిగలేదు. ముందు తనే పరిగెత్తింది.

పోస్టుమాన్‌ మొదటి జట్టుని వెనక్కి పిలవడానికి పోయాడు. మాస్టారు, నర్సు, మరిది టైలరమ్మ వెనకాల పైపు దాకా ఎక్కి మేకల దారిలోకి తిరిగారు. వెనక ఇంకో అడుగుల చప్పుడు వినిపించి చూస్తే మిల్లు క్లబ్బు కెప్టెన్, భుజాన తాడు వేసుకుని వస్తున్నాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు.

పరిగెత్తే ప్రతి మనిషి మెడలోనూ ఒక ఈల ఉంటుంది. ఆపదలో ఉన్నవాళ్లు ఆరుసార్లు ఊదాలి, వెతికేవాళ్లు మూడుసార్లు ఊదాలి. మాస్టారు మూడుసార్లు ఊది ఆగాడు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. వంద అడుగులు నడిచి మళ్లీ ఊదాడు. మరిది పెళ్లాన్ని పేరుపెట్టి పిలిచాడు. పిలిచిపిలిచి గొంతు జీరపోయింది. ఏ పక్క నుంచీ పలుకు లేదు.

"స్పృహ తప్పి ఉంటే ఊదలేదు కదా," అని నర్సు ఎవరికీ వినపడకూడదన్నట్టు అంది. అందరికీ వినిపించింది.

దారి దాదాపు అయిపోయింది. చీలిన బండ నల్లగా కనిపిస్తోంది. అంటే చిన్నమ్మిని దాటేశారన్నమాట, ఎక్కడో దాటేశారు. మరిది దారి పక్కన తడిగడ్డిలో కూర్చుండిపోయి మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

టైలరమ్మ బండ వైపు చూస్తూ నిలబడింది. పొద్దున అక్కడే చెయ్యి చాపింది. చిన్నమ్మి ఒక్క క్షణం తన మొహంలోకి చూసి గుండీ చేతిలో పెట్టింది. ఎందుకని గట్టిగా అడగలేదు. ఏనాడూ అడగలేదు.

అప్పుడు ఆమెకు తెలిసింది. ఈల ఈ మేకల దారి నుంచి వినిపిస్తే అక్క దొరికిపోతుందని దానికి తెలుసు. డబ్బాలో గుండీ ఉన్న మనిషి ఈ పక్క ఉండకూడదు.

వెనక్కి తిరిగి, దారి అంచు వెంబడి నడుస్తూ కేక పెట్టింది. "చిన్నమ్మీ, నేను చెప్పేశానే. గుండీ నేనే వేశానని అందరికీ చెప్పేశాను. మాస్టారికి చెప్పాను, మిల్లువాళ్లకీ చెప్పాను. కప్పు లేదు ఏమీ లేదు. దాచడానికి ఇంకేం మిగల్లేదు. ఊదవే తల్లీ. నీకు దణ్ణం పెడతాను, ఊదు."

వాన పడుతోంది. ఐదుగురూ ఊపిరి బిగబట్టారు.

కాళ్ల కిందే, ఇరవై అడుగుల లోపల, ఈల మోగింది. సన్నగా, గాలి చాలనట్టు. ఆగింది. మళ్లీ మోగింది. టైలరమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఆరు.

దారి అంచు విరిగి జారిన చోట, కింద ఒక రాయి చాటున ముడుచుకుని ఉంది చిన్నమ్మి. చీలమండ బూటులోంచి ఉబ్బిపోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి, ఈల ఇంకా పళ్ల మధ్యే ఉంది. ఒళ్లు వణుకుతోంది. వణుకుతోంది కదా, పరవాలేదు అంది నర్సు.

"ఇందాక నీ నెత్తి మీంచే నడిచి వెళ్లాం," మరిది ఏడుస్తూ దుప్పటి కప్పాడు. "అంతగా పిలుస్తుంటే పలకవేమే?"

"వింటూనే ఉన్నా," అంది చిన్నమ్మి. మాటకీ మాటకీ మధ్య పళ్లు టకటకలాడుతున్నాయి. "మీరంతా ఉన్నారుగా. అక్క ఒక్కతే వస్తుందేమోనని చూశాను." తర్వాత టైలరమ్మ వైపు తిరిగింది. "నిజంగానే చెప్పేశావా అక్కా? ఇంకాసేపు ఆగితే నేనే పాక్కుంటూ వచ్చేసేదాన్ని కదా."

మాస్టారు తన కోటు విప్పి ఇచ్చాడు. టైలరమ్మే కుట్టిన కోటు అది. టైలరమ్మ చిన్నమ్మి చేతులు అందులో దూర్చి, ముందుకు లాగి, మెడ దగ్గర గుండీ పెట్టబోయింది. వేళ్లు సాగలేదు. రెండోసారి ప్రయత్నించింది, మూడోసారి ప్రయత్నించింది. కళ్ల నిండా నీళ్లు, ఏమీ కనపడటం లేదు. కాసేపు చూసి, నర్సు టైలరమ్మ చేతులు పక్కకు జరిపి గుండీలు తనే పెట్టింది.