ఎద్దు గజ్జెలు

ఆ పొద్దున కూతురి కాలి గజ్జెలు లచ్చమ్మ తన చేతులతోనే విప్పింది. విప్పిన చేతుల్ని ఆ తర్వాత ఎన్ని తిట్లు తిట్టుకుందో లెక్కలేదు గానీ, విప్పేటప్పుడు మాత్రం మహా తెలివైన పని చేస్తున్నాననే అనుకుంది.

అవి పిల్లల పట్టీలు కావు, ఎద్దు మెడలోవి. ఊళ్లో ఎద్దును అమ్మిన నాడు ఆమె మొగుడు ఓదెలు, ఎద్దును ఇస్తాను గానీ గజ్జెలు మాత్రం ఇవ్వనని మొండికేసి వెంట తెచ్చుకున్నాడు. వాటిలో నాలుగింటిని పాత చీర పేలికకు కుట్టి, ఐదేళ్ల భవాని కాలికి కట్టింది లచ్చమ్మ. పిల్లకు ఫిట్స్. ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. పిల్ల రేకుల షెడ్డులో, తండ్రి వేరే సైటు పనిలో ఉంటే, తల్లి యాభై అడుగుల అవతల ఇసుక తట్టలు మోస్తుంటుంది. మధ్యలో మిక్సరు రొద. ఆ రొదలోనూ ఎద్దు గజ్జెలు వినబడతాయి. ఆగి ఆగి మోగితే పిల్ల ఆడుకుంటోంది. ఆగకుండా మోగితే ఫిట్స్ వచ్చినట్టే, తట్ట అక్కడే పడేసి ఉరకాలి. రెండేళ్లుగా ఆమె చెవి ఒకటి ఎప్పుడూ ఆ షెడ్డు మీదే ఉంటుంది. ఈమధ్య ఎవరైనా అడిగితే, పిల్ల తప్పిపోకుండా కట్టానని చెప్పేది.

ఆ అబద్ధం ఊరికే ఆడలేదు పాపం. పంతొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో మాదాపూర్ బండల మధ్య కంప్యూటర్ల మేడలు లేస్తున్న రోజులవి. రెండు నెలల కింద ఇంకో సైటులో ఫిట్స్ వచ్చిన పిల్లాడొకడు నీళ్ల గుంటలో పడి చచ్చిపోయాడు. ఆ మర్నాడే ఇక్కడ కొమురయ్య మేస్త్రి కూలీలందరినీ వరసగా నిలబెట్టాడు.

"బీమారి పిల్లలున్నోళ్లు ఊరికి పోవాలె. రేపు ఏమన్న అయితే నా మెడకు చుట్టుకుంటది. ఇగ మీ ఇష్టం" అన్నాడు.

ఊరికి పోతే ఏముంది? మూడేళ్లుగా చెరువే ఎండింది. పైగా మందు ఉన్నది ఈ పట్నంలోనే. ఒక్కసారి పెద్ద దవాఖానకు తీసుకుపోతే పదిహేను రోజులకు గోలీలు ఇచ్చారు. ఆ పదిహేను రోజులూ పిల్లకు ఒక్క ఫిట్సు వస్తే ఒట్టు! మళ్లీ పోవాలంటే పని నాగా పెట్టాలి, నాగా ఎందుకని మేస్త్రి అడుగుతాడు. నిజం చెబితే పని పోతుంది, చెప్పకపోతే మందు లేదు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో లచ్చమ్మను అడగాలి.

ఇంతలో ఈ సర్వే వచ్చి పడింది. గోపన్‌పల్లి పక్కనున్న యూనివర్సిటీ నుంచి ఒక మేడం వస్తుందనీ, ప్రతి తల్లీ పిల్లల్ని వెంటబెట్టుకుని తన షెడ్డుకు రావాలనీ కొమురయ్య ముందురోజే చెప్పాడు. "మన తాన అందరు మంచిగున్నరని చెప్పుర్రి" అని కూడా అన్నాడు. అలా అన్నాక ఇంకేం చేస్తుంది? పక్క షెడ్డు కమలమ్మ కూతురు సమ్మక్కది కూడా భవాని ఈడే. కమలమ్మను బతిమాలి ఆ పిల్లను అరువు తెచ్చుకుంది. కొమురయ్యకు పిల్లలంతా ఒకటే, సిమెంటు పూసుకున్న ముఖాలు. ఎవరి పిల్ల ఎవరో ఆయనకేం తెలుసు!

మేడం ఉన్నప్పుడు గజ్జెలు మోగితే కొంప మునుగుతుంది. అందుకే విప్పింది. విప్పి, పిల్లను గోనెసంచి మీద పడుకోబెట్టి, "లేవకు బిడ్డా, జల్ది వస్త" అని చెప్పింది. తడికకు ఎప్పుడూ కుక్కలు దూరకుండా రాయి అడ్డం పెడుతుంది. ఇవాళ రాయి చాలదనిపించి, ఇనుప చువ్వలకు చుట్టే బైండింగ్ తీగ తెచ్చి బయటినుంచి మూడు మెలికలు బిగించింది.

*

మేడం పేరు శిరీష. కడప పిల్ల, పాతికేళ్లుంటాయి. ఒళ్లో అట్ట పెట్టుకుని కాగితాల మీద గీతలు పెడుతోంది. పక్కనే కుర్చీలో కొమురయ్య కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. లచ్చమ్మ సమ్మక్కను ఒళ్లోకి లాక్కుని కింద కూర్చుంది.

"పాప బాగుండాదా మా?"

"మంచిగున్నది మేడం."

"రాత్రిపూట పాప కోసం ఎన్నిసార్లు నిద్ర లేస్తావు?"

లచ్చమ్మకు నవ్వు రాబోయి ఆగింది. రెండేళ్లుగా పిల్ల ఛాతీ మీద చెయ్యేసి పడుకునే మనిషిని అడగాల్సిన ప్రశ్నేనా అది? "లేవ మేడం. పంటే పొద్దుగాలనే" అంది.

"పాప గురించి దిగులు పడి ఎప్పుడైనా ఏడ్చినావా?"

"ఎందుకేడుస్త? నాకేం ఫికర్ లేదు."

శిరీష సున్నాలు రాసుకుంటూ పోతోంది. సరిగ్గా అప్పుడే సమ్మక్క కదిలింది. "ఆకలైతుంది. నేను మా అమ్మ కాడికి పోత" అంది ఖంగుమనే గొంతుతో.

లచ్చమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. కొమురయ్య కాలు దించాడు. శిరీష కలం ఆపి ఒకసారి పిల్లను, ఒకసారి తల్లిని చూసింది.

"కమలమ్మను గూడ అమ్మనే అంటది మేడం. ఇద్దరం కలిసే సాదుతం" అంది లచ్చమ్మ, పిల్ల తొడ మెల్లగా గిల్లుతూ. దొంగకు తేలు కుట్టినట్టుంది పరిస్థితి, గట్టిగా ఊపిరి పీల్చడానికి కూడా లేదు.

శిరీష మళ్లీ కలం ఎత్తింది. ఆఖరి కాగితం తిప్పింది. "అయిపోయింది మా. జబ్బున్న పిల్లలుంటే ఆ ఇల్లు ఎట్లా నడుస్తుందో తెలుసుకుందామని తిరుగుతున్నాం. అట్లాంటి పిల్లల పేర్లు రాసుకుంటే బేస్తవారం మా జీపులోనే డాక్టరు దగ్గరికి తీసుకపోతాం. లైన్లో నిలబడే పని లేదు, నెలనెలా మాత్రలు ఇప్పిస్తాం. నీకా అవసరం లేదు కాబట్టి..." అంటూ ఆ గడిలో అడ్డంగా గీత కొట్టేసింది.

గీత కొట్టింది కాగితం మీద కాదు, లచ్చమ్మ గుండె మీద. ఇన్నాళ్లూ ఎవరి కోసం కళ్లు కాయలు కాసేలా చూసిందో ఆ మనిషి ఇంటికొస్తే, పిల్లను తీగతో బిగించి దాచి పెట్టింది! ఎంత పిచ్చిదాన్ని, ఎంత పాపిష్టిదాన్ని అనుకుంది.

"వేలిముద్ర వెయ్యి" అన్నాడు కొమురయ్య.

శిరీష సిరా దిమ్మె ముందుకు జరిపింది. లచ్చమ్మ బొటనవేలు అద్దింది. ఆ వేలు కాగితం మీదికి పోతుండగా భోజనాల వేళై మిక్సరు ఆగిపోయింది.

పొద్దున్నుంచీ చెవుల్ని తినేసిన రొద ఒక్కసారిగా తెగింది. అలవాటు కొద్దీ లచ్చమ్మ చెవి షెడ్డు వైపు పోయింది. ఏమీ లేదు. పడుకుందేమో అనుకుంది. మరు క్షణమే గుర్తొచ్చింది, గజ్జెలు తన కొంగులోనే ముడేసి ఉన్నాయి. ఇప్పుడక్కడ పిల్ల ఆడుకుంటున్నా ఏమీ వినబడదు, కొట్టుకుంటున్నా ఏమీ వినబడదు. రెండేళ్లలో ఇలా ఏమీ తెలియకుండా ఆమె ఎన్నడూ లేదు. వేలు గాల్లోనే ఆగిపోయింది.

"వెయ్యవేంది? మేడంకు ఇంకా పదిమంది ఉన్నరు" అని కసిరాడు కొమురయ్య.

"మేడం, గా గీత తీసెయ్" అంది లచ్చమ్మ. "గీ పిల్ల నాది కాదు. నా బిడ్డకు ఫిట్స్ ఉన్నయ్."

అని లేచి ఉరికింది.

*

తీగ మెలికలు చేతులకు ఊడిరాలేదు. పొద్దున బిగించేటప్పుడు ఉన్న బలం ఇప్పుడు ఆ వేళ్లలో లేదు. గోళ్లు చీరి నెత్తురొచ్చింది. "భవానీ! బిడ్డా!" అని అరిస్తే లోపల్నుంచి పలుకు లేదు. కాళ్లు నేలకు కొట్టుకుంటున్న చప్పుడు మాత్రం డబడబా వినిపించింది. వెనక పరుగెత్తుకొచ్చిన కొమురయ్య ఆమెను పక్కకు నెట్టి తడికను కాలితో తన్నాడు. తడిక విరిగి లోపలికి పడింది.

భవాని బోర్లా పడి ఉంది. నీళ్లబిందె పక్కకు ఒరిగిపోయింది, మట్టినేల మీద నీళ్లు మడుగు కట్టాయి. పిల్ల ముక్కూ నోరూ ఆ మడుగులోనే ఉన్నాయి. ఒళ్లంతా కొట్టుకుంటోంది. పెదాలు నల్లబడ్డాయి.

కొమురయ్య మొల్లోంచి తాళాలగుత్తి తీశాడు, పిల్ల చేతిలో పెట్టడానికి. "తాళాలొద్దన్నా!" అని శిరీష మోకాళ్ల మీద కూలబడి పిల్లను పక్కకు తిప్పింది. నోట్లోంచి నీళ్లు, నురగ కారిపోయాయి. "గట్టిగా పట్టుకోవద్దు, ఊరికే తల కింద చెయ్యి పెట్టు మా" అంది. లచ్చమ్మ చెయ్యి పెట్టింది. శిరీష గడియారం చూస్తోంది. ఆ రెండు నిమిషాలు లచ్చమ్మకు గడవనే లేదు. మొక్కని దేవుడు లేడు, తిట్టని దేవుడూ లేడు.

చివరికి పిల్ల పెద్దగా ఒక ఊపిరి తీసింది. తర్వాత ఇంకొకటి. కొట్టుకోవడం ఆగింది. లచ్చమ్మ ఘొల్లుమంది.

ఏడుపు కాస్త తగ్గాక కొమురయ్య గొంతు సవరించుకున్నాడు. "ముందుగాలనే చెప్పిన గద లచ్చమ్మా. నన్నేం చెయ్యమంటవ్?"

"పంపు. మా ఊరికి పంపు" అంది లచ్చమ్మ పిల్లను ఒళ్లో వేసుకుని. "కని మేడం నా బిడ్డ పేరు రాసుకునే దాక ఈడికెల్లి కదల. నువ్వు పోలీసోళ్లను పిలిచినా కదల."

గుమిగూడిన ఆడవాళ్లలోంచి కమలమ్మ ముందుకొచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. లచ్చమ్మ వైపు చూడకుండానే, "మేడం, నా పెద్దోని పేరు గూడ రాయి. నడువరాదు వానికి" అంది.

లచ్చమ్మ బిత్తరపోయింది. "నీ పెద్దోడు అమ్మమ్మ ఊర్ల ఉన్నడంటివి?"

"యాడి ఊరక్కా? ఈడనే ఉన్నడు. రెండు నెల్ల సంది లోపల్నే పెడుతున్న" అని కమలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

రెండు షెడ్ల మధ్య అడ్డం ఒక్క రేకే. ఆ రేకుకు అటూ ఇటూ ఇద్దరు తల్లులూ ఎవరి బిడ్డను వాళ్లు నోరు మూసి దాచుకున్నారన్నమాట.

శిరీష లేచి బయటికి వచ్చి షెడ్ల వరసంతా చూసింది. చాలా తడికలకు మామూలుగానే రాయి అడ్డం పెట్టి ఉంది. కమలమ్మ తడికకు బైండింగ్ తీగ ఉంది. ఆ పక్క రెండు వదిలి మూడోదానికీ తీగే. చివరాఖర మరో రెండింటికీ తీగే. "అన్నా, కుక్కలకైతే రాయి చాలు గదా?" అంది కొమురయ్యతో.

కొమురయ్య ఆ తలుపుల్ని ఒకటొకటిగా చూశాడు. తర్వాత పైకి, సగం పోసి ఆగిన స్లాబు వైపు చూశాడు. "ఐదిండ్లోళ్లను పంపితే గా స్లాబు ఎవ్వడు పోస్తడు, మా తాత పోస్తడా?" అని గొణిగాడు. తల గోక్కున్నాడు. అక్కడున్న వాళ్లందరినీ కలిపి ఒక బండబూతు తిట్టాడు. తిట్టి, చువ్వలు కట్టేవాడి చేతిలోంచి తీగ మెలికలు విప్పే కొక్కెం లాక్కుని కమలమ్మ తడిక దగ్గరికి నడిచాడు.

శిరీష ఆ వేలిముద్ర పడని కాగితాన్ని చించేసి కొత్తది తీసింది. లచ్చమ్మ కొంగు ముడి విప్పి, నెత్తురోడుతున్న వేళ్లతో గజ్జెల పేలికను పిల్ల కాలికి మళ్లీ కట్టింది. నిద్రలో భవాని కాలు కదిపితే గజ్జెలు ఒక్కసారి మోగాయి.

"ఇగ రాసుకో మేడం" అంది లచ్చమ్మ. "ముందుగాల అడిగినవ్ గద, రాత్రి ఎన్నిసార్లు లేస్తవని. పన్నదెప్పుడని లేసుడుకు?"