వదిన పాఠాల డిస్కు

ఆ ఇంట్లో ఎవరి ఫోను మొరాయించినా, టీవీ అలిగినా చిన్నోడినే పిలిచేవాళ్లు. ఎప్పుడో ఇంటర్నెట్ డబ్బా ఆపి మళ్లీ వేస్తే అది పనిచేసింది. ఆ రోజు నుంచీ ఇంటిల్లిపాదీ కలిసి అతన్ని మునగచెట్టు ఎక్కించేశారు. అతనూ దిగే ప్రయత్నం చేయలేదు. నిజానికి అతను కంప్యూటర్ కంపెనీలో జీతాల లెక్కలు చూసే మనిషి. ల్యాప్‌టాప్ లోపలి సంగతులు అతనికెంత తెలుసో ఇంట్లోవాళ్లకీ అంతే తెలుసు.

వదిన ల్యాప్‌టాప్ టిక్కు టిక్కుమనడం మొదలవగానే ఆవిడ నేరుగా అతని దగ్గరికే తెచ్చింది. వదిన చూపులేని పిల్లల బడిలో చరిత్ర చెబుతుంది. పుస్తకమంతా తన గొంతుతో చదివి రికార్డు చేసి, పాఠం పాఠంగా ఆ ల్యాప్‌టాప్‌లోనే దాచింది. అన్నీ పూర్తయ్యాక ఒకేసారి పిల్లలకు పంచుదామనుకుంది. పరీక్షలు నెత్తిమీదికొచ్చాయి. ఆ పాఠాలు అందకపోతే పిల్లలు గట్టెక్కడం కష్టం.

"బాబూ, ముందు పాఠాలన్నీ వేరే దాంట్లోకి ఎక్కించెయ్యవూ? తర్వాత దాన్ని ఏం చేస్తావో చేసుకో" అంది వదిన.

సరైన మాట అన్నది ఆవిడే. కానీ ఎదురుగా అన్నయ్య, అమ్మ కూర్చుని చూస్తున్నారు. అంతమంది ముందు చెప్పినట్టు వింటే ఇక మన గొప్పేముంది?

"ముందు జబ్బు కుదర్చనీ వదినా. పాఠాలెక్కడికి పోతాయి?" అన్నాడు పెద్ద డాక్టరులా.

ఏదో వీడియోలో చూసిన పద్ధతి పెట్టాడు. డిస్కును ఈ చివర నుంచి ఆ చివరిదాకా వెతికి మరమ్మతు చేసే పని అది. ఆరోగ్యంగా ఉన్న డిస్కుకైతే ఫరవాలేదు. ఇది ఆయాసపడుతున్న మనిషిని మెట్లెక్కించడమే అయింది. చప్పుడు పెరిగింది. ఆపేద్దామని చెయ్యి పోయింది కూడా. కానీ ఆపితే, ఎందుకాపావని అడుగుతారు కదా! ఆపలేదు. సాయంత్రానికి తెర నల్లబడి, డిస్కే లేదని చూపించింది.

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నేనే. మొన్న సంచీ జారి కింద పడింది. అందువల్లే. పాపం, నువ్వేం చేస్తావులే" అంది.

అమ్మయ్య అనిపించింది అతనికి. అనిపించిన మరుక్షణమే ఒళ్లంతా సిగ్గుతో కుంచించుకుపోయింది. తేలు కుట్టిన దొంగలా లేచి తన గదిలోకి పోయాడు.

మర్నాటి నుంచి వదిన అన్నయ్య ఫోనులో మొదటి పాఠం నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టింది. మధ్యలో ఏడుపొచ్చి ఆగేది, ముక్కు చీది మళ్లీ అందుకునేది. గొంతు బొంగురుపోయింది. గోడ ఇవతల చిన్నోడు దిండు చెవులకు అడ్డం పెట్టుకున్నాడు. ఆ తెలివితేటలకేం తక్కువ లేదు.

చివరికి అన్నయ్యే ఎవరినో అడిగి, డిస్కుల్లోంచి పోయినవి బయటికి తీసే ఒకావిడ కొట్టు సంగతి కనుక్కొచ్చాడు. వదినా మరిదీ కలిసి వెళ్లారు. కొట్టావిడ ల్యాప్‌టాప్‌ను బల్లమీద పెట్టి, తెరవకుండానే అడిగింది: "కింద పడ్డాక ఆగిపోయిందా? లేక ఏమైనా నడుపుతుంటే ఆగిందా?"

"నేనే పడేశానండీ. మా మరిది చెయ్యగలిగిందంతా చేశాడు" అంది వదిన.

"పడి ఆగితే డిస్కు లోపల తిరిగే రేకు గీసుకుపోయి ఉంటుంది. నేను కరెంటు కూడా ఇవ్వను. డిస్కునే విప్పి బాగుచేసేవాళ్లకు పంపాలి. చాలా రోజులు పడుతుంది."

"పరీక్షల లోపల రాదా?"

"రాదమ్మా. పడ్డాక కూడా బాగా నడిచి, తర్వాత ఆగితే మాత్రం ఇక్కడే డిస్కును మెల్లగా చదివించి చూడొచ్చు. కచ్చితంగా చెప్పండి, పొరపాటైతే ఉన్నదీ పోతుంది."

మరిది చేతికిచ్చాక అది ఎంతసేపు నడిచిందో తెలియని వదిన తల దించుకుంది. చిన్నోడు బల్ల దగ్గరికి జరిగాడు.

"పడ్డాక కూడా నడిచింది. నేను మరమ్మతు పెట్టాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆపలేదు. వదిన కాపీ తియ్యమంది. నేనే వినలేదు."

ఇద్దరు ఆడవాళ్లూ అతన్ని చూశారు. కొట్టావిడ ల్యాప్‌టాప్ స్క్రూలు విప్పడం మొదలుపెట్టింది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

డిస్కు మెల్లమెల్లగా తేరుకుంది. తెరమీద పాఠాల పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. చివరివి కొన్ని రాలేదు, మిగతావన్నీ దక్కాయి. వదిన ఒక పాఠం పెట్టి తన గొంతు తనే విని, కళ్లు తుడుచుకుని నవ్వింది. ఆ నవ్వు అతని వైపు తిరగలేదు.

బయటికొచ్చాక అతను సంచీ అందుకోబోయాడు. ఆవిడ దాన్ని అవతలి భుజానికి మార్చుకుంది.

"సిగ్గేసింది వదినా, చెప్పడానికి."

"నాకూ వేసింది" అంది వదిన బొంగురు గొంతుతో. "ఆ పిల్లలకి మొహం ఎలా చూపించాలా అని చచ్చేంత సిగ్గేసింది. నేను చెయ్యని పనికి. నువ్వు పక్కగదిలోనే ఉన్నావు."

అని, అతని కోసం ఆగకుండా నడిచింది.