త్రాటిని పట్టిన చేతులు

హేమంతప్రభాతమున నాగావళీతీరమున నలముకొనిన దట్టపు మంచుతెర యింకను విచ్చకమునుపే నేతగాండ్ర వీథి మేలుకొనియుండెను. వీథి పొడవునను పడుగులు చాచి గంజి పట్టించుచున్న స్త్రీపురుషుల మాటలు వినవచ్చుచుండెనే కాని మనుష్యులు కానరాకుండిరి. అట్టి వేళ విజయనగరమునుండి యొక యెడ్లబండి వచ్చి జగ్గప్ప యను ముదుసలి నేతగాని గుడిసె ముంగిట నిలిచెను.

అందుండి దిగినవారు ఉపాధ్యాయుల చయనులుగారు. అనేకనవలానిర్మాతలును పండితసభాసత్కృతులును సత్యవ్రతులని ప్రసిద్ధులును నగు నీ మహాశయులకు ఒక నియమము కలదు. తాము చూచిన సంగతిని కథగా వ్రాసినప్పుడెల్ల దానిని కన్నులార చూచిన మఱియొకనికి చదివి వినిపించి యౌననిపించుకొనినగాని ముద్రాలయమునకు పంపరు. ఈ నియమమును గూర్చి వారు సభలలో తఱచుగా చెప్పికొనెడివారు. కొంచె మెక్కువగనే చెప్పికొనెడివారని మా యభిప్రాయము.

వారు వెంట తెచ్చినది తమ బాల్యమే కథావస్తువుగా గల క్రొత్తనవల. అందలి ప్రధానఘట్ట మిది. వీథిబడిలో నొక బాలుడు గురువుగారు తాటాకులపై వ్రాయు ఘంటమును చాటుగా తీసి దానితో పచ్చిజామకాయను కోయబోయి విఱిచివేయును. అది చూచియున్న సహాధ్యాయి జగ్గప్పపై నేరము పడును. అతనికి కోదండము వేయుడని, అనగా ముంజేతులు త్రాట గట్టి యా త్రాటిని దూలముమీదుగా లాగి వ్రేలాడదీయుడని, గురువు శిష్యుల కాజ్ఞాపించును. అప్పుడు అసలు దోషి ముందునకు వచ్చి నిజమొప్పుకొని తానే కోదండ మెక్కును. ఆ బాలుడు చయనులుగారే. తాము సత్యవ్రతులైనది ఆ దినముననే యని వారి దృఢవిశ్వాసము.

జగ్గప్ప చదువెఱుగనివాడు. మగ్గపు గుంటలో కూర్చుండియే నేత నాపి వినుచుండెను. భార్య ఆదెమ్మ రాట్నము ప్రక్కన కూర్చుండెను. చయనులుగారు గంభీరస్వరమున చదివిరి. త్రాటి యొరపిడికి అరచేతుల తోలు లేచిపోగా మూడు దినములు అన్నము కలుపుకొనలేక తల్లిచేత తినిపించుకొంటినను వాక్యమును మఱింత నిదానముగా చదివిరి.

"సేతులు కట్టి యేలాడదీస్తే మణికట్టు కోసుకుపోద్ది బాబూ" అని చదువు ముగిసిన పిదప జగ్గప్ప మెల్లగా ననెను. "అరిసేతులు మండేది లాగినోడికి."

చయనులుగారికి బోధపడలేదు. ఏమంటివని మరల నడిగిరి.

"ఎక్కినోణ్ణి నేను. తాడు లాగింది తమరు."

అతని పలుకున కోపము లేదు. ఆదెమ్మ లేచి వచ్చి మగని యెడమచేతిని పట్టి పైకెత్తెను. అది భుజమును దాటి లేవలేదు. పెండ్లినాటికే యది యట్లుండెననియు తాటిచెట్టుపైనుండి పడితినని తనతో నిన్నాళ్లు చెప్పుచువచ్చెననియు ఆమె చెప్పెను.

చయనులుగారు కాదనబోయి తమ యరచేతులను చూచికొనిరి. అరచేతుల మంట నిజము. తల్లి తినిపించుటయు నిజము. చేతుల కేమైనదని యా తల్లి యడిగినప్పుడు నేనే కోదండ మెక్కితినని తొలుత బొంకియుందురు. పెండ్లియైన క్రొత్తలో భార్య మెప్పునకై యదియే మరల చెప్పియుందురు. పిదప శిష్యులకు లెక్కలేనన్నిమారులు చెప్పిరి. చెప్పగా చెప్పగా బొంకుచుంటినను నెఱుక జాఱిపోయి జ్ఞాపకము మాత్రము మిగిలెను. ఆ జ్ఞాపకముమీదనే వారు తమ్మును తాము కట్టుకొనిరి. తాము ఘంటము విఱుచుట చూచియు నాడేల చెప్పవైతివని వారు హీనస్వరమున నడిగిరి.

"తమరే సెప్తారని పైనుంచి తమరి మొకమే సూసినాను బాబూ."

ఈ మాటకు చయనులుగారి తల వంగిపోయెను. అరువదేండ్ల వయసున అంతటి సిగ్గు కలుగునని వారెఱుగరు. జగ్గప్ప ఆ దినముతోనే బడి మానిన సంగతియు వారి కప్పుడే గుర్తునకు వచ్చెను. జగ్గప్పయో వారి యవస్థ చూచి జాలిపడి, కథలోని పిల్లవాడైనను నిజము చెప్పినాడు గనుక దానిని మార్చవలదని బతిమాలెను.

ఇంటికి వచ్చి కన్నులు మూసికొనినప్పుడెల్ల చయనులుగారికి దూలమునుండి వ్రేలాడుచు తామే కనబడుచుండిరి. అది కల్ల యని తెలిసియు దానిని తఱిమివేయజాలరైరి. తుదకు తమకు జ్ఞాపకమున్నదానిని విడిచి జగ్గప్ప చెప్పినదానిని వ్రాయ గడంగిరి. రెండు దినములు "ఒక బాలుడు" అని వ్రాసి మూడవనాడు దానిని కొట్టివేసిరి.

తొమ్మిదవనాడు బండి మరల జగ్గప్ప గుడిసెకు వచ్చెను. చయనులుగారు కాగితము తీసి చదివిరి.

"ఘంటమును విఱిచినవాడను నేను. విఱిచి నోరు మెదపక జగ్గప్పను వ్రేలాడదీసిన త్రాటిని లాగినవాడను నేను."

అంతట నాపి, ఇంక క్షమించితి ననునేమో యని యాశతో చెవియొగ్గిరి. జగ్గప్ప యా మాట యనలేదు. "ఆ ముక్క మళ్లీ సదవండి బాబూ" అనెను. చదివిరి. అతడు ఆదెమ్మను దగ్గఱకు పిలిచి యింకొకమారు చదువుమనెను. చదివిరి. పిమ్మట నతడు మగ్గపు గుంటనుండి లేచి గడప దాటి యిరుగుపొరుగువారి నెల్ల పేరుపేరున పిలువసాగెను. వారు వచ్చి వాకిట నిండువఱకు వేచియుండి చయనులుగారు కన్నులెత్తకయే మరల మొదటి యక్షరమునుండి యారంభించిరి.