ఎండపొయ్యి

"మన బందరు మీద పడే ఎండతో ఊరంతా వండుకోవచ్చు, ఉమా!" అన్నారు మా ఆయన. అప్పుడు నేను తడిసిన సరుగుడు కట్టెల్ని ఊదుతూ కళ్ళనీళ్ళు కారుస్తున్నాను. ఆయన రామచంద్రమూర్తిగారు, కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. వారం తిరక్కుండా మా పెరట్లో ఎండపొయ్యి దిగింది. చేతులు బారచాపినంత వెడల్పున మెరిసే అల్యూమినియం పళ్ళెం, దాని ఎదురుగా గిన్నె పెట్టడానికి ఇనప చట్రం. "కట్టె లేదు, పొగ లేదు, శ్రమ అసలే లేదు" అన్నారు.

ఎండ ముదిరేది పదకొండింటికి. ఆయన భోంచేసి కాలేజీకి వెళ్ళేది తొమ్మిదిన్నరకి. ఈ సంగతి ఆయన లెక్కలో ఎక్కడా లేదు. అందుకని పొద్దున్నే కట్టెలపొయ్యి మీద ఆయనకో వంట, మధ్యాహ్నం సూర్యుడి దయ మీద మాకో వంట. సూర్యుడు ఒకచోట నిలవడు కనక రెండింటిదాకా పది నిమిషాలకోసారి పళ్ళెం తిప్పాలి, తిప్పడానికి నేను ఎండలో నిలబడాలి. అంతకుముందు ఒంటిగంట నుంచి రెండు దాకా చాప మీద వాలి వారపత్రిక చదువుకునేదాన్ని. రోజు మొత్తంలో నాదంటూ ఉన్న ఆ ఒక్క గంటా కందిపప్పుతోపాటే ఉడికిపోయింది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. చెప్పుకుంటే, "ఆ టైములో నిద్రేగా పోయేది" అన్నారు.

అత్తగారి బెంగ వేరు. ఎండలో ఉడికిందానికి మడి కట్టుకోవాలా, అక్కర్లేదా? పురోహితులు ఆదినారాయణగారు చాలాసేపు ఆలోచించి తేల్చారు: "నిప్పు తగల్లేదు కనక వడియాల లెక్కేనమ్మా. మడి అక్కర్లేదు."

"విన్నావా!" అని మా ఆయన పొంగిపోయారు. శుభ్రంగా విన్నాను. పన్నెండేళ్ళుగా ఆయన వంటింటి గడప తొక్కకపోవడానికి చెప్పే కారణం ఆ మడే.

ఆదివారం నాడు ప్రిన్సిపాల్ కాంతారావుగారిని ఎండపొయ్యి చూడ్డానికి పిలిచారు. ఒంటిగంటకి పప్పు, నీళ్ళు పోసి గిన్నె పెట్టి, గొడుగు తెచ్చి మా ఆయన చేతికిచ్చాను.

"నేనా?" అన్నారు.

"మడి అక్కర్లేదు కదండీ. మీ నీడ పడకుండా పది నిమిషాలకోసారి తిప్పుతూ ఉండండి."

"మగాడు వంట చెయ్యడమేంటే, అప్రదిష్ట!" అన్నారు అత్తగారు.

"వంటెక్కడిదత్తయ్యా, వడియాల లెక్కేగా."

కాంతారావుగారు పకపకా నవ్వారు. నేను లోపలికొచ్చి చాప వాల్చుకున్నాను. రెండు పేజీలు చదివానో లేదో, పెరట్లోంచి ఆయన గొంతు చాలా చిన్నగా వినిపించింది.

"ఉమా, పప్పు ఉడికిందో లేదో ఎలా తెలుస్తుంది?"

ఆయనకి తెలియందీ, నాకు తెలిసిందీ ఒకటుందని పన్నెండేళ్ళలో మొదటిసారి ఒప్పుకున్నారు. ఆ సంతోషంలో, జవాబు చెప్పకుండా పేజీ తిప్పాను.