కొరిన్ వద్దన్న వేషం

దీపాల కింద నిలబడి మూడో గంట. మావిస్ క్రౌడర్ వీపు మీద గౌను తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"కదలకమ్మా తల్లీ, ముక్కు కింద నీడ పడుతోంది" అని విసుక్కున్నాడు కెమెరామన్.

వెలుతురు కుదిరేదాకా సినిమా తారల బదులు నిలబడటమే ఆమె ఉద్యోగం. అన్నీ సరిపడ్డాక కొరిన్ ఆష్‌బీ చల్లగా వచ్చి నటించి వెళుతుంది. ఆమె ఎత్తు, ఆమె జుట్టు రంగు ఉన్నందుకు మావిస్‌కి రోజుకి ఆరున్నర డాలర్లు.

పదేళ్ల కిందట ఇద్దరూ ఒకే నాటక బృందంలో ఒహాయో, అయోవా రాష్ట్రాల ఊళ్లన్నీ తిరిగారు. ఒకే మంచం మీద పడుకున్నారు, ఒకే డబ్బా చిక్కుళ్లు పంచుకు తిన్నారు. ఏడుపు రాని కొరిన్‌కి, గుటక మింగి పైకి చూడటం నేర్పింది మావిసే. ఇప్పుడు ఆ చూపుకే దేశమంతా కళ్లు తుడుచుకుంటోంది. తెర మీద అది చూసినప్పుడల్లా మావిస్‌కి కడుపు మండిపోయేది. పోయిన వారం కొరిన్ సెట్లో కళ్లు తిరిగి పడిపోతే ముందు సంతోషించింది. తర్వాతే మంచినీళ్లు తెచ్చింది.

ఇవాళ కొరిన్ రానేలేదు. మధ్యాహ్నం కంపెనీ మేనేజరు స్లోకమ్ మావిస్‌ని తన గదికి పిలిపించాడు.

"నీ స్నేహితురాలు వేషం వద్దందమ్మా. రోజుకి పదహారు గంటలు చెయ్యలేనంటోంది! మానేసిన ప్రతిరోజూ ఒప్పందం చివర కలుపుతూనే ఉన్నాం. ఏడేళ్లది తొమ్మిదేళ్లయింది, అయినా పొగరు దిగలేదు." కాగితాలు ముందుకి తోశాడు. "ఆ వేషం నీకిస్తున్నా. రేపు నీ ఫొటో పేపర్లో పడనీ, అదే పరిగెత్తుకొస్తుంది."

"రాకపోతేనండీ?"

"నువ్వే తారవి. సంతకం పెట్టు."

మావిస్ కలం అందుకుంది. థియేటర్ల ముందు తన పేరు, నిలువెత్తు అక్షరాల్లో. పదేళ్లుగా కుళ్లుకున్నదంతా ఈ ఒక్క గీతతో తీరిపోతుంది. కాగితాలు తిప్పింది. ఏడేళ్లు. మానేసిన రోజులు చివర కలుపబడును. కొరిన్ ఒప్పందానికీ దీనికీ అక్షరం తేడా లేదు.

ఇన్నాళ్లూ మావిస్ కొరిన్ గౌన్లు చూసి ఏడ్చింది, కారు చూసి ఏడ్చింది. కానీ ఈ పెద్దమనిషి మొహం మీదే వద్దని చెప్పి, ఈపాటికి ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చున్న కొరిన్‌ని తలుచుకుంటే కలిగినంత అసూయ ఇంకెప్పుడూ కలగలేదు.

"ఏంటమ్మా ఆలోచన? బయట నీలాంటివాళ్లు వందమంది ఉన్నారు."

"పెట్టనండీ" అంది. గొంతు పీలగా వచ్చింది.

"ఏమన్నావ్?"

ఈ మాట కూడా కొరినే ముందు అనేసింది, ముదనష్టపుది, అనుకుంది మావిస్. కుళ్లుతో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి గట్టిగా అంది.

"పెట్టను."