వేప తలుపుకు చిత్రిక

చిలకలూరిపేటలో పత్తి మిల్లు వెనక వీధిలో నేను అద్దెకున్న గది తలుపు ఆ వానాకాలం మూసుకోవడం మానేసింది. వేప చెక్క. నీళ్లు తాగి ఉబ్బి, గుమ్మానికి రెండు నూళ్ల మేర, అంటే పావు అంగుళం, అడ్డం పడుతోంది. ఎంత నెట్టినా చివరి బెత్తెడు మిగిలిపోయేది.

తలుపు తెరిచి ఉంటే మా వీధిలో రమ్మన్నట్టే. ఇంటావిడ వెంకటరావమ్మగారు గోంగూర గిన్నెతో వచ్చేది. గిన్నె ఖాళీ అయ్యేదాకా కుర్చీలో కూర్చుని, నాకు పెళ్లి ఎందుకు కాలేదో నాకే చెప్పేది. ఆమె భర్త యలమంద నా గదిలో ఫ్యాను గాలి బాగుంటుందని వచ్చేవాడు. నేను దూరవిద్య వాళ్లకు మనస్తత్వశాస్త్రం పాఠాలు రాస్తాను. అప్పుడు రాస్తున్న పాఠం పేరు 'ఏకాంతం'. నెలాఖరుకు పంపాలి. మూడు వారాల్లో ఒక పేరా అయింది. దాని మీద కూడా గోంగూర మరక ఉంది.

వడ్రంగిని పిలిస్తే సరిపోయేది. కాని వడ్రంగి కూడా మనిషే, వచ్చి మాట్లాడతాడు. నేనే చిత్రిక కొని అంచు చెక్కుకుందామని గుంటూరు వెళ్లాను.

"కరెంటుది తీసుకోండి సార్, ఐదు నిమిషాల్లో అయిపోద్ది," అన్నాడు కొట్టువాడు.

"చప్పుడు చేస్తుందా?"

"వీధంతా వినపడుద్ది."

వద్దన్నాను. చేతి చిత్రికలు మూడు బల్ల మీద పెట్టాడు. మూరెడుది చూడగానే మా నాన్న గుర్తొచ్చాడు. ఎక్కడ వంకర కనిపించినా వదిలేవాడు కాదు. అరచేతిలో ఇమిడేది అచ్చం నాలాగే ఉంది. జానెడుది ఎవరిలాగానూ లేదు, అందుకే దాన్ని నమ్మబుద్ధి కాలేదు. కారణం తేల్చుకోకుండా నేను చెప్పులు కూడా కొనను. కొట్టువాడు వెళ్లి టీ తాగి వచ్చాడు.

"తలుపు అంచుకేగా సార్? పొడుగుదైతే తిన్నగా పోద్ది. పొట్టివి గుంటల్లోకి దిగిపోతయ్."

ఇందులో నా బాల్యం ప్రమేయం ఏమీ లేదని తెలిసి కొంచెం నిరాశపడి, పొడుగుదే కొన్నాను.

కొత్త బ్లేడు తలుపును గీరింది తప్ప కొయ్యలేదు. అరుగు మీద కూర్చుని సానరాయి తడిపి నూరడం మొదలుపెట్టాను. ఎదురింటి వడ్రంగి గౌస్ బాషా కాసేపు ఓర్చుకుని, రోడ్డు దాటి వచ్చాడు.

"అట్టా నిలబెట్టి నూరితే మొద్దయిపోద్ది మేష్టారూ. వాలు మొత్తం రాయికి ఆనాల. తర్వాత తిరగేసి, బొత్తిగా పడుకోబెట్టి రెండుసార్లు లాగండి."

"పదునొచ్చిందని ఎలా తెలుస్తుంది?"

"చేతి మీద వెంట్రుకలు తెగాల."

తెగాయి. అయినా అనుమానం తీరక మళ్లీ నూరాను. మధ్యాహ్నానికి నా ఎడమ చెయ్యి మోచేతి దాకా నున్నగా అయిపోయింది. మిరపకాయల లారీ వీధిలోకి వస్తే చాలు, మండేది. ఇక చూసుకోవడానికి వెంట్రుకలు లేవు.

"నా చెయ్యి చూడండి, ఎలుగుబంటికున్నట్టు ఉంటయ్," అంటూ యలమంద వచ్చి, బీపీ చూపించుకునేవాడిలా చెయ్యి చాపాడు. మణికట్టు పట్టుకుని బ్లేడు ఆనించాను. అతను బ్లేడు వంకే చూస్తూ గొంతు తగ్గించాడు.

"మేష్టారూ, మా ఆడమనిషికి చెప్పమాకండి. నాకు గోంగూర పడదు. ముప్పై ఏళ్ల నుంచీ తింటన్నా."

మర్నాడు లారీ డ్రైవర్ ఇమ్మానియేలు వచ్చి చెయ్యి చాపాడు. బండి వెనక్కి తియ్యాలంటే తనకు భయమట. వెనక్కి తియ్యనక్కర్లేని మిల్లులకే లోడు తోలతాడట. వారం తిరిగేసరికి అరుగు మీద వరస కట్టారు. బ్లేడు తెగుతోందా అని ఒక్కరూ అడగలేదు. మనిషి చేత నోరు విప్పించడానికి నెలలు పడుతుందని నేను పాఠాల్లో రాశాను. మణికట్టు మీద బ్లేడు పెడితే నిమిషం చాలునన్న సంగతి ఏ పుస్తకంలోనూ చూడలేదు.

నెలాఖరు దగ్గర పడింది. చిత్రిక అందుకున్నాను.

"ఇప్పుడు పట్టమాకండి," అన్నాడు గౌస్ బాషా. "వానకు ఉబ్బింది. ఎండలొస్తే అదే తగ్గుద్ది."

నా ఏకాంతం ఆయనకు ఇష్టం లేదని విశ్లేషించుకుని, పట్టాను. ఉల్లిపొరలాంటి చుట్టలు రాలాయి. చేయి ఆగలేదు. రెండు నూళ్లతో సరిపెట్టాల్సింది, నాలుగో ఐదో పోయాయి. తలుపు మెత్తగా మూసుకుంది. నాలుగు రోజుల్లో పాఠం పూర్తి చేసి పంపేశాను. శీతాకాలమంతా ఎవరూ రాలేదు. అంత సుఖంగా ఎప్పుడూ లేను.

మార్చి వచ్చింది. తలుపు ఎండి కుంచించుకుపోయింది. పాత గుమ్మానికి తలుపు ఆని సందు కప్పే అడ్డుపట్టీ కూడా లేదు. మూస్తే వేలు దూరేంత సందు. ఒక మధ్యాహ్నం ఆ సందులో ఒక కన్ను కనిపించింది.

"లెయ్యమాకండి మేష్టారూ, కనపడతానే ఉన్నారు," అంది వెంకటరావమ్మగారు. బయట స్టూలు వేసుకున్న చప్పుడైంది. "అందరూ మీ దగ్గర ఏదో ఒకటి చెప్పుకున్నారు. నేను చెయ్యి చాపలేనుగదా. ఇట్టా చెబుతా. ఎవురితో అనబాకండి."

"అననులెండి."

"గోంగూర నాకు పడదు. మా ఆయనకి ఇష్టమని వండుతున్నా. నా వాటా మీకు తెచ్చేదాన్ని."

ఇద్దరి రహస్యమూ నా దగ్గరే ఉంది. రెండూ నేను చెప్పకూడనివే. సందులో కన్ను రెప్ప ఆర్పకుండా చూస్తోంది. ఆ తలుపు మూసుకోవాలని నేను రోజుల తరబడి నూరాను.

లేచి తలుపు పూర్తిగా తీశాను. చిత్రికలోంచి బ్లేడు విప్పాను.

"మీ ఆయన్ని పిలవండి," అన్నాను. "చెయ్యి మీద వెంట్రుకలు మళ్లీ మొలిచే ఉంటాయి. మీరు ఆ స్టూలు లోపలికి తెచ్చుకుని పక్కనే కూర్చోండి. నేను రాయి తడుపుతాను."