ఒక్కదాన్నే వచ్చాను

"మీ ఎంబడి ఎవలున్నరు మేడం?" అన్నాడు లాడ్జి కౌంటరులో కూర్చున్న లింగం.

తణుకులో రైలెక్కినప్పటి నుంచీ పార్వతీదేవికి ఇదే ప్రశ్న. టీసీ అడిగాడు, ఎదురు బెర్తు ఆవిడ అడిగింది, మేడ్చల్లో దింపిన ఆటో అతనూ అడిగాడు. "ఎవరూ లేరు, ఒక్కదాన్నే వచ్చాను" అని చెప్పిన ప్రతిసారీ అవతలివాళ్లు ఆమె వెనక్కి తొంగి చూశారు. మొగుడో కొడుకో నీళ్ల సీసా కొనడానికి ఆగాడేమోనని వాళ్ల ఆశ.

లింగం కూడా తొంగి చూశాడు. "ఒక్క లేడీసుకు రూమిస్తె మా ఓనరు ఊకోడు మేడం. ఈడ మీకు ఎర్కున్నోళ్లు ఎవలన్న ఉన్నరా?"

పార్వతీదేవికి యాభై మూడేళ్లు. జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. ఇన్నేళ్లలో ఒక్క రాత్రి కూడా ఎక్కడా ఒంటరిగా పడుకోలేదు. పరీక్షలకి నాన్న తోడు, ఉద్యోగంలో చేరడానికి అన్నయ్య తోడు, ఆపైన అన్నిటికీ మొగుడు యజ్ఞనారాయణ తోడు. ఆయన చెడ్డవాడేం కాదు. పళ్ల డాక్టరు దగ్గర పెళ్లాం నోరు తెరిస్తే, డాక్టరు కంటే ముందు తను అందులోకి తొంగిచూసే రకం.

మేడ్చల్లో మొదలై, చుట్టుపక్కల ఊళ్లన్నీ చుట్టి, శామీర్‌పేట చెరువు దగ్గర ముగిసే హాఫ్ మారథాన్ ఒకటుందని ఫోనులో చూసినప్పుడు ఆమె మనసు దానిమీద పడింది. ఇరవై ఒక్క కిలోమీటర్లు, మూడు గంటల గడువు. దానికోసం కాలవ గట్టు మీద నెలల తరబడి పరిగెత్తింది. అప్పుడూ యజ్ఞనారాయణ స్కూటరు మీద వెనకాలే వచ్చాడు. పతకం వస్తే వచ్చింది, లేకపోతే లేదు. బతుకులో ఒక్క పని, మొదటి నుంచి చివరిదాకా, పక్కన ఎవరూ లేకుండా చెయ్యాలి. ఆమెకి కావలసింది అంతే. ఆ మాట మీద ఆయన్ని ఒప్పించడానికి పట్టిన ఓపికతో ఇంకో డిగ్రీ తెచ్చుకోవచ్చు.

ఇంతా చేసి, ఇప్పుడు లాడ్జి గడప దగ్గర ఆగిపోవాలా? విసుగులో నోరు జారింది.

"గౌడవెల్లిలో మా వియ్యాలవారున్నారు. లక్ష్మణ్ గారని, ప్లాట్ల వ్యాపారం."

కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో ఆ క్షణంలోనే తెలిసొచ్చింది. లింగం లేచి నిలబడ్డాడు. "లక్ష్మన్న వియ్యపురాలా మీరు? మిమ్మల్ని లాడ్జిల పండవెట్టినమని తెలిస్తె నా ఇజ్జత్ ఏముంటది మేడం?" అంటూనే ఫోను తీశాడు. ఆమె వద్దని చెయ్యి ఊపుతూనే ఉంది.

కాసేపటికి లాడ్జి ముందు పెద్ద కారు ఆగింది. అందులోంచి కూతురి అత్తగారు పద్మమ్మ దిగింది.

"ఏంది వదినె, మేము సచ్చిపోయినమా? గింత దగ్గర ఇల్లు పెట్టుకొని లాడ్జిల పంటవా?"

"అలా కాదు వదినగారూ, పొద్దున్నే పరుగు ఉంది, మీకెందుకు శ్రమ అని..."

"శ్రమేంది? మనిషొస్తె శ్రమా?"

పిల్లనిచ్చిన ఇల్లు. ఇంకేం అంటుంది? పార్వతీదేవి సంచీ అప్పటికే కారెక్కేసింది.

పరుగుకి ముందు రాత్రి తేలిగ్గా తినాలి. కాస్త పెరుగన్నం, ఒక అరటిపండు తిని పడుకోవాలని ఆమె లెక్క. గౌడవెల్లిలో ఆ లెక్క ఎవరిక్కావాలి? బగారా అన్నం, మసాలా వంకాయ, గారెలు, పరమాన్నం వరసగా వచ్చాయి. "ఇంకో గారె ఏసుకో వదినె, పొద్దుగాల ఉరకాలె గద" అని పద్మమ్మ వడ్డిస్తూనే ఉంది. పుణె నుంచి కూతురు అనూహ్య ఫోను చేసింది. "అమ్మా, అత్తయ్యవాళ్లకి చెప్పకుండా లాడ్జికి వెళ్లావా? నా పరువు తీశావు. ఆ ట్రాక్ ప్యాంటుతో వాళ్లముందు తిరక్కు." తర్వాత యజ్ఞనారాయణ చేశాడు. వియ్యాలవారింట్లో ఉందని విని, "హమ్మయ్య, ఇంక నాకు నిద్ర పడుతుంది" అన్నాడు. ఆయనకి పట్టింది. గారెల మహిమ వల్ల ఆమెకి పట్టలేదు. పైగా కొత్త జాగాలో ఒక్కతే ఎలా పడుకుంటుందని పద్మమ్మ అదే గదిలో పరుపు వేసుకుని గుర్రు పెట్టింది.

మర్నాడు తెల్లవారకముందే మేడ్చల్ మైదానంలో పరిగెత్తేవాళ్లంతా కాళ్లు ఝాడించుకుంటూ నిలబడ్డారు. ముఖ్య అతిథి రానిదే జెండా ఊపరట. అతిథి కంటే ముందు సూర్యుడొచ్చాడు. అతిథి వచ్చాక శాలువాలు మొదలయ్యాయి. ఆయనకొకటి, ఆయనతో వచ్చినవారికి తలా ఒకటి, విరాళమిచ్చిన పెద్దమనిషిగా లక్ష్మణ్‌కి ఒకటి. నలుగురు మాట్లాడారు, నలుగురూ ఆరోగ్యమే మహాభాగ్యమన్నారు. జెండా ఊపేసరికి ఎండ చురుక్కుమంటోంది. పార్వతీదేవి పళ్లు నూరుకుంటూ చేతి గడియారం నొక్కి పరుగు మొదలుపెట్టింది.

ఊరు దాటగానే వెనక కారు చప్పుడైంది. తిరిగి చూడక్కర్లేకపోయింది. లక్ష్మణ్ నడుపుతున్నాడు, పక్కన పద్మమ్మ.

"నీళ్లు తాగు వదినె."

"వద్దండీ, దారిలో ఇస్తారు."

"అయితె సల్ల తాగు. ఇంట్లనే చిలికిన."

పరిగెత్తేవాళ్లెవరైనా పొట్ట నిండా మజ్జిగ పోసుకుని పరిగెడతారా? చెబితే వినాలి కదా. కిటికీలోంచి స్టీలు గ్లాసు ఆమె భుజం పక్కనే వస్తోంది. ఇది చాలదన్నట్టు రోడ్డు మీద పోయే బండ్లవాళ్లు. ఆ దారిలో ఒక ఆడమనిషి ఒంటరిగా పరిగెడుతోందంటే బస్సన్నా తప్పిపోయి ఉండాలి, ఇంట్లో ఏదన్నా అయి ఉండాలి. ప్రతివాడూ పక్కకొచ్చి బండి నెమ్మది చేస్తాడు. "ఏమైందక్కా? ఎక్కు, దింపుత." ఆమె ఛాతీ మీది నంబరు చూపిస్తుంది. వాడు దాన్ని చదివి, "అవునా? మల్ల ఎక్కుతవా మరి?" అంటాడు. వాళ్లందరిదీ మంచితనమే. అందుకే తిట్టడానికి కూడా వీల్లేక ఆమెకి ఒళ్లు మండింది.

కోళ్లఫారాలు, గోడౌన్లు, ప్లాట్ల చుట్టూ కట్టిన ప్రహరీలు వెనక్కి పోయాయి. ఇంకా పావు వంతు దూరం ఉందనగా కారు ముందుకొచ్చి అడ్డంగా ఆగింది. లక్ష్మణ్ తల బయటపెట్టాడు.

"చెల్లె, జల్దీ ఎక్కు. గెస్టుకు వేరే ప్రోగ్రాం ఉన్నదట, ప్రైజులు ఇప్పుడే ఇస్తున్రు. యాభై దాటిన ఆడోళ్లల్ల నువ్వే ఫస్టు."

"నేనింకా పూర్తి చెయ్యలేదు కదా అన్నయ్యగారూ."

"ఆ లెక్కల నువ్వొక్కదానివే ఉన్నవ్ చెల్లె. ఎట్లయిన నువ్వే ఫస్టు. శాలువా కప్పుకో, ఫోటో దిగు. మల్ల గిదే జాగల దింపుత, గీడికెల్లి ఉరుకు."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. పార్వతీదేవి కారు ముందు నిలబడిపోయింది. మోకాలు పీకుతోంది, గారె ఇంకా గుండెల మీదే ఉంది. కిటికీలోంచి గ్లాసు మళ్లీ వచ్చింది.

"గింత తాగి ఎక్కు వదినె..."

"నాకు నీళ్లొద్దు, మజ్జిగొద్దు, శాలువా వద్దు. పుట్టిన దగ్గర్నుంచీ ఎవరో ఒకరు వెనకాలే వస్తున్నారు. ఒక్క పని నా అంతట నేను చేసుకుందామని ఇంత దూరం వచ్చాను. దండం పెడతాను, నన్ను వదిలెయ్యండి."

గ్లాసు లోపలికి వెళ్లిపోయింది. పద్మమ్మ ఆమె ముఖంలోకి ఒక్కసారి చూసి, మొగుడితో "పోనియ్యి" అంది. అద్దం పైకి లేచింది, కారు వెళ్లిపోయింది.

వియ్యపురాలి మీద నడిరోడ్డున అరిచిన ఆడపిల్ల తల్లి ఇంకెవరైనా ఉంటారా అనుకుంటూ పార్వతీదేవి పరుగందుకుంది. కూతురికి ఏం చెప్పాలి? మొగుడికి ఏం చెప్పాలి? కొంతదూరం ఆ భయంతోనే పరిగెత్తింది. తర్వాత రోడ్డు మీద తన అడుగుల చప్పుడు తనకే వినపడింది. ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు. నోరు తడారిపోయి, కాళ్లు రెండూ రాళ్లయిపోయినా ఆమెకి సంతోషం వేసింది. ఎందుకో నవ్వు కూడా వచ్చింది.

శామీర్‌పేట చేరేసరికి వేదిక మీది గుడ్డలు విప్పేశారు, కుర్చీలు ట్రాలీ ఎక్కుతున్నాయి. గాలి తీసేసిన ఆర్చి రోడ్డుకి అడ్డంగా పడి ఉంది. దాన్ని దాటి గడియారం నొక్కింది. మూడు గంటలకి ఇంకా కొంచెం మిగిలే ఉంది. చెప్పడానికి చుట్టూ చూసింది. టెంటు హౌసు మనిషి వైరు చుట్టుకుంటూ, "జరుగమ్మా" అన్నాడు. ఎవరూ వద్దని మొత్తుకున్న మనిషికే ఎవరూ లేరని ఏడుపొచ్చింది. తన మీద తనకే చిరాకేసి, ముఖం తుడుచుకుని గౌడవెల్లి వైపు ఆటో వెతుక్కుంది.

ఇంటికి చేరేసరికి లక్ష్మణ్ ఫోను పట్టుకుని ఎదురొచ్చాడు. ఫోటోలో ఆయనే శాలువా కప్పుకుని, షీల్డు పట్టుకుని, అతిథి పక్కన నిలబడ్డాడు. కింద 'యాభై ఏళ్లు దాటిన మహిళలలో ప్రథమ బహుమతి' అని రాసి అందరికీ పంపాడు. అంతలో యజ్ఞనారాయణ ఫోను.

"ఫస్టు వచ్చావటగా."

"ఆ ఫోటోలో నేను లేనండీ."

"సరేలే, వాళ్లు తోడుండబట్టి సరిపోయింది."

ఆమె ఫోను పెట్టేసింది.

పద్మమ్మ మాత్రం ఏమీ అడగలేదు. కాళ్లకి వేణ్ణీళ్లు పెట్టింది, అన్నం పెట్టింది, బొట్టు పెట్టి చీర చేతికిచ్చింది. సాయంత్రం బయల్దేరుతూ పార్వతీదేవి, "దారిలో అలా అనకుండా ఉండాల్సింది వదినగారూ" అంది. పద్మమ్మ తల అడ్డంగా ఊపింది, అంతే.

స్టేషనులో దింపొస్తానని లక్ష్మణ్ కారు తాళాలు తీశాడు.

"కూసో" అంది పద్మమ్మ. "ఆమె ఒక్కతె వచ్చింది, ఒక్కతె పోతది. ఆటోకు చెప్పిన."

గేటు దాకా ఇద్దరే వచ్చారు. ఆటో ఆగి ఉంది. పద్మమ్మ గేటు పట్టుకుని నిలబడింది.

"వదినె, ఒక్కటడుగుత. మేము పోయినంక నీకు భయం కాలేదా?"

"కొంచెం వేసింది. తర్వాత బాగుంది."

"బాగుంటదా?" పద్మమ్మ రోడ్డు వైపు చూసింది. "గీ ఇంట్ల అడుగు పెట్టినప్పటి సంది నేను మేడ్చల్ దాక గూడ ఒక్కదాన్ని పోలే. అయితె ఈయన కారు, లేకుంటె పిల్లల బండి. ఎవలు వద్దనలే. ఎవలు పొమ్మనలే."

రెండు రోజులుగా ఈ మనిషి మీద మండిన కడుపు పార్వతీదేవిది. ఇప్పుడు సంచీ ఆటోలో పెట్టి, ఒక పక్కకి జరిపింది. ఆటో అతను హారన్ కొట్టాడు.

"ఎక్కండి" అంది చివరికి.

"నువ్వు ఒక్కదానివే పోవాలంటివి గద."

"రైల్లో ఒక్కదాన్నే వెళ్తాను. మీరు నన్ను స్టేషనులో దింపి, ఒక్కరే ఇంటికి రండి."

పద్మమ్మ ఇంటివైపు తిరిగింది. వరండాలో లక్ష్మణ్ ఇంకా తాళాలు పట్టుకునే ఉన్నాడు. "ఏడికే?" అన్నాడు. ఆవిడ చెప్పులు తొడుక్కుని, కొంగు బిగించి, ఆటో ఎక్కి పార్వతీదేవి పక్కన కూర్చుంది.

మలుపు తిరిగాక, ఆటో అతనికి వినపడకుండా వంగి అడిగింది.

"మల్ల వచ్చేటప్పుడు ఆటోల ఏమని చెప్పాలె వదినె?"

"గౌడవెల్లి అంటే చాలు" అంది పార్వతీదేవి.